అందరికీ పాయింట్ తొమ్మిది

ఈమధ్య మా చుట్టాలమ్మాయి ఒకతె మెడికల్ కోడింగ్ కోర్సులో చేరింది. "పెద్దమ్మా, నువ్వు గూడ గిదే పని జేసినవంట గద, ఎట్లుంటది?" అని అడిగింది. నీడపట్టున ఉంటుంది, కూర్చుని చేసుకోవచ్చు, రక్తం కళ్లజూడనక్కర్లేదు అని చెప్పి పంపించాను. చెప్పాక నాకే నచ్చలేదు. దవాఖాన రికార్డు గదిలో ముప్పై ఏళ్లు కూర్చుని రిటైరయిన మనిషి చెప్పాల్సిన మాట అదేనా? మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయీ, ఆమె వయసు వాళ్లూ చదువుకుంటే చాలు.

పని సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను. రోగి ఇంటికి పోయాక అతని కేసు షీటు మా గదికి వస్తుంది. డాక్టరు రాసిన జబ్బు పేరు చూసి, దానికి పుస్తకంలో ఏ అంకె ఉందో వెతికి, కంప్యూటరులో ఎక్కించాలి. పెద్దవాళ్లకు వచ్చే రెండో రకం షుగరుకు 'ఇ పదకొండు'. దాని తర్వాత ఒక చుక్క, చుక్క తర్వాత ఇంకో అంకె. ఆ చివరి అంకెలోనే ఉంటుంది మనిషి సంగతంతా. షుగరు కిడ్నీలకు తగిలితే రెండు, కళ్లకు తగిలితే మూడు, నరాలు మొద్దుబారితే నాలుగు, కాళ్లకు రక్తం సరిగా అందకపోతే అయిదు. అదీ ఇదీ కలిసి వస్తే ఏడు. ఏ బాధా లేదు, ఒట్టి షుగరే అంటే తొమ్మిది. చేరిన కొత్తలో నేను ఇన్సులిన్ సూది రాసి ఉన్న ప్రతివాళ్లకూ చిన్నపిల్లలకు వచ్చే మొదటి రకం అంకె వేసేశాను. మా పెద్ద గుమాస్తా చూసి, "ఏందమ్మా, అరవై ఏండ్ల ముసలోల్లంత నీ చేతుల పసిపిల్లలైండ్రు" అని నవ్వాడు. అలాంటి తప్పులు నవ్వుకుని దిద్దుకుంటే పోతాయి. నేను చెప్పబోయేది ఆ రకం కాదు.

ఇంకొక్క సంగతి గుర్తుపెట్టుకోండి. డాక్టరు రాయని జబ్బును మనం రాయకూడదు. పుండూ షుగరూ పక్కపక్కన ఉన్నా, షుగరు వల్లనే పుండు అని డాక్టరు తేల్చాలి తప్ప మనం తేల్చకూడదు. అనుమానం వస్తే ఒక చీటీ రాసి ఆయన్నే అడగాలి. ఇదంతా నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను నేను చేసింది.

అప్పట్లో నేను వనపర్తి వైపు ఒక ట్రస్టు దవాఖానలో పనిచేసేదాన్ని. దాని పేరు చెప్పను. గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి, అటు లింగాల, కొల్లాపూర్ నుంచి కూడా జనం వచ్చేవారు. షుగరు కేసులు చూసే డాక్టరు ఒక్కడే. పొద్దున ఓపీలో కూర్చుంటే మధ్యాహ్నం అన్నం చల్లబడేదాకా లేచేవాడు కాదు. మంచివాడే గానీ నోరు దురుసు, రాత పొదుపు. 'షుగర్' అని ఒక్క ముక్క గిలికి సంతకం పెట్టేవాడు. మగవాళ్ల వార్డులో హెడ్ నర్సు ఉండేది. కొల్లాపూర్ మనిషి, ఎండాకాలం వస్తే మామిడిపండ్ల సంచీతో దిగేది. ఆమె డాక్టరుకు సరిగ్గా ఎదురు. చీమల బారులాంటి అక్షరాలతో పేజీలకు పేజీలు రాసేది. ఎవరు చదువుతారమ్మా ఇంత అంటే, "ఎవరన్న చదువకపోతరా" అనేది. ఇక మా రికార్డు గదికి ఒక అటెండరు. గద్వాల వాడు, రోజూ బస్సులో వచ్చిపోయేవాడు. నేను భాయి అనేదాన్ని, నాకన్నా రెండేళ్లు పెద్ద.

మొదట్లో నేను డాక్టరుకు చీటీల మీద చీటీలు పంపేదాన్ని. ఈ షుగరాయనకు కాలి పుండు ఉంది కదా, దేనివల్లో రాయండి. ఈమెకు చూపు మసక అన్నారు కదా, కంటిలోపల దెబ్బతిన్నదా రాయండి. ఒకరోజు ఓపీ నిండా జనం ఉండగా నేనే చీటీ పట్టుకుని వెళ్లాను. ఆయన తల కూడా ఎత్తకుండా, "ఏమ్మా, ఇక్కడ డాక్టరు నువ్వా, నేనా?" అన్నాడు. బెంచీల మీద కూర్చున్న వాళ్లంతా నన్నే చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. సరే బాబూ, నువ్వే డాక్టరువి, నువ్వు రాసిందే వేస్తాను, ఇక అడిగితే చూడు అనుకున్నాను. ఆరోజు నుంచి చీటీలు బంద్. నేను అలిగానన్న సంగతి ఆయనకు తెలియనే తెలియలేదు, ఆ సంగతి నాకు ఇంకా మంట.

అప్పటినుంచి 'షుగర్' అని కనపడితే చాలు, లోపలి కాగితాలు తిప్పకుండానే పాయింట్ తొమ్మిది. అందరికీ పాయింట్ తొమ్మిది. అడగడం లేదు కాబట్టి పని పరుగెత్తింది. నెలాఖరుకు నా బల్ల మీద ఒక్క ఫైలు మిగిలేది కాదు. ట్రస్టు వాళ్లు మెచ్చుకుని ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. భాయి దానికి లామినేషన్ చేయించి గోడకు కొట్టాడు. నాకూ అప్పటికి ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది. మా దవాఖానలోనే మందులు తీసుకునేదాన్ని. నా ఫైలుకు కోడ్ నేనే వేసుకున్నాను. ఏం వేశానో చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇలా ఏడాది గడిచింది. అప్పుడు హైదరాబాదు నుంచి కాళ్ల రక్తనాళాల డాక్టరు ఒకాయన రెండు రోజులు మా దగ్గరికి వస్తున్నాడని కబురు వచ్చింది. షుగరుతో కాళ్లు పాడయ్యే వాళ్లను చూసి, అవసరమైన వాళ్లను తన వెంట తీసుకుపోయి వైద్యం చేయిస్తానన్నాడు. మళ్లీ ఎప్పుడు వస్తాడో తెలియదు. ట్రస్టు సెక్రటరీ నన్ను పిలిచి, ఈ ఏడాదిలో మన వార్డుల్లో ఉండి ఇంటికి పోయిన వాళ్లలో అలాంటి వాళ్ల లిస్టు తీయమన్నాడు. అదెంత పని! పాయింట్ నాలుగు, పాయింట్ అయిదు, పాయింట్ ఏడు అని కొట్టాను, లిస్టు వచ్చింది. ఒక కాగితం మీద పట్టేంత చిన్నది, నరాలనో రక్తనాళాలనో డాక్టరు తనంతట తానే తేల్చి రాసిన కొద్దిమందే. అంత చిన్నగా ఎందుకుందని అనుమానం కూడా రాలేదు నాకు. అందరికీ ఫోన్లు చేయించి, ఒక కాపీ వార్డు గోడకు అంటించాను.

మొదటి రోజు బ్రహ్మాండంగా జరిగింది. రెండో రోజు పొద్దున నేను రికార్డు గదిలో చాయ్ తాగుతుంటే హెడ్ నర్సు ఆ లిస్టు గోడ మీది నుంచి పీక్కుని వచ్చింది.

"గద్వాల మగ్గమాయన పేరేదీ? నిన్న రాలే, ఇయ్యాల గూడ రాలే. చూస్తే లిస్టులనే లేడు" అంది.

"లిస్టు కంప్యూటరు తీసింది. లేడంటే ఉండాల్సినవాడు కాదన్నట్టే" అన్నాను నేను, చాయ్ గ్లాసు దించకుండా.

"నీ కంప్యూటరుకేం తెల్సు! ఆయన చెప్పు కాలికెల్లి ఊడి వార్డు నడుమ పడ్తె, తెల్వకుంట బాత్రూం దాక పోయి వచ్చిండు. నా కండ్లతోని చూసిన. రాసిన గూడ."

ఫైలు తీశాం. మూడు నెలల కిందటిది. మొదటి పేజీలో డాక్టరు రాత రెండు ముక్కలు. కుడి పాదానికి గాయం. షుగర్. దాని పక్కన నా రాత. పాదం గాయానికి ఒక కోడ్, షుగరుకు పాయింట్ తొమ్మిది. రెండూ డాక్టరు రాసిన మాటలకు సరిపోయినవే. ఎవరు వచ్చి తనిఖీ చేసినా టిక్కు పెట్టి పోతారు. నర్సు ఆ పేజీని పక్కకు తోసి లోపల తన రాత తీసి నా ముందు పెట్టింది. చీమల బారు. ఆ ఏడాదిలో మొదటిసారి ఆమె రాసింది చదివాను.

రోగి నడుస్తుండగా కుడి కాలి చెప్పు ఊడిపోయింది, గమనించలేదు. మంచం దగ్గరికి వచ్చాక నా చెప్పేదని అడిగాడు. మగ్గం తొక్కుతుంటే కాలి కింది కర్రకున్న మేకు దిగిందట, అది కూడా తెలియలేదట. మగ్గం గుంటలో రక్తం చూసి భార్య చెప్పిందట. పాదం చల్లగా ఉంది. ఇంతే ఆమె రాసింది.

దెబ్బ తగిలి పుండు పడ్డవాడు కాదు ఆయన. దెబ్బ తగిలినట్టు తెలియని మనిషి. ఒక్క చీటీ రాసి అడిగి ఉంటే డాక్టరు ఈ పేజీ తిప్పేవాడు. నా అలక కోసం ఒక మనిషి కాలు పణం పెట్టాను అనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది ఆ మనిషి ఒక్కడి సంగతే కాదని కూడా అప్పుడే తట్టింది గానీ, ముందు ఆయన సంగతి చూడాలి.

ఫైలు పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఈసారి తిట్టినా పడదామనుకున్నాను. ఆయన నిలబడే చదివాడు. చదివి కుర్చీలో కూర్చున్నాడు. "ఇది నేను చూడలేదమ్మా" అన్నాడు నెమ్మదిగా. "నేనూ చూడలేదు సార్. చూడకుండానే తొమ్మిది వేశాను" అన్నాను. ఆయన నన్ను ఏమీ అనలేదు. హైదరాబాదు పెద్ద డాక్టరు నాలుగింటికి బయలుదేరుతాడు, ఈలోపు మనిషిని పట్టుకోగలరా అని మాత్రం అడిగాడు.

ఫైలులో ఉన్న ఫోన్ నంబరు పనిచేయడం లేదు. అప్పటికి పది కావస్తోంది. దవాఖాన బండి అంతకుముందే ఎవరినో తీసుకురావడానికి లింగాల వైపు పోయింది. నేను పర్సు తీసుకుని లేచాను. భాయి అప్పటికే గదికి వేసే తాళం చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"చలో మేడం. గద్వాల్‌ల మగ్గాల గల్లీలు నాకు తెల్వదా ఏంది? పేరు చెప్తె ఇల్లు చెప్తరు. పరేషాన్ గాకు" అన్నాడు.

బస్సెక్కాం. కృష్ణ దాటేటప్పుడు అలవాటు చొప్పున దండం పెట్టుకున్నాను. ఏం మొక్కుకోవాలో మాత్రం తెలియలేదు. పది అంటే పది నిమిషాల్లో ఇల్లు దొరికింది. చెప్పులు గడప బయటే ఉన్నాయి. ఆయన లోపల గుంట మగ్గంలో, నడుము దాకా గుంటలో, ఉత్త కాళ్లతో కర్రలు తొక్కుతూ నేస్తున్నాడు. యాభై దాటిన మనిషి, పల్చగా ఉంటాడు. నన్ను చూసి గుర్తుపట్టలేదు. ఎందుకు గుర్తుపడతాడు, నేను రోగుల ముఖం ఎప్పుడు చూశాను గనుక!

సంగతి చెప్పాను. ఆయన దారాన్ని అటూ ఇటూ పరుగెత్తించే నాడె ఆపకుండానే విన్నాడు.

"పుండు మానుతున్నది మేడం. నొప్పి లేదు, మంట లేదు. గిప్పుడు పట్టు కొంగు పడుతున్నది. నూలుకు పట్టు కలిపే కాడ ఇడిచిపెట్టి లేస్తె మల్ల దొరకదు. రెండు దినాలు ఆగి నేనే వస్త."

"రెండు రోజులు ఆగితే ఆ డాక్టరు ఉండడయ్యా. నొప్పి లేదంటున్నావే, ఆ నొప్పి లేకపోవడమే నీ రోగం" అన్నాను. నా గొంతు లేచింది. "కాలు పైకి తీయి. ముందు చూడనీ."

ఆయన మొహమాటపడ్డాడు. ఆడమనిషి ముందు కాలు చాపడమేమిటని. అప్పుడు ఆయన భార్య లోపలి నుంచి వచ్చింది. రాయచూరు వైపు మనిషి, కోపం వస్తే కన్నడం వస్తుందని తర్వాత తెలిసింది. వచ్చి, ఆయన చేతిలోంచి నాడె గుంజుకుని బొడ్లో దోపుకుంది.

"సాకు! ఇంక చాలు! వారం సంది చిటికెన వేలు నల్లగైతున్నది అక్కా. చెప్తె ఇనడు. రంగు అంటుకున్నది అంటడు. నాడె నా కాడున్నది, ఇంక దేనితోని నేస్తవో నెయ్యి!"

ఆయన కాలు పైకి తీశాడు. చిటికెన వేలు నేరేడు పండు రంగులో ఉంది. నేను డాక్టరును కాదు, కానీ అది రంగు అంటుకోవడం కాదని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

భాయి వాళ్ల బావమరిది ఆటో తెచ్చాడు. ఆమె ఆయన కాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పటికి ఒంటిగంట దాటింది. నది దాటేదాకా బాగానే వచ్చాం. పెబ్బేరు చేరేసరికి సంత. పొద్దున బస్సులో పోయేటప్పటికి అది ఇంకా నిండలేదు, మాలో ఒక్కరికీ ఆ ధ్యాస రాలేదు. రోడ్డు మీద ఎడ్లు, ఎడ్ల వెనక లారీలు, లారీల వెనక మేము. ఆటో అంగుళం కదలలేదు. భాయి దిగి, "అరె, హటో భాయ్, మరీజ్ ఉన్నడు, కాలు బాగలేదు, జర జగ ఇయ్యిండ్రి" అని అరుస్తూ ఎడ్ల మధ్య చేతులూపుతున్నాడు. నేను గడియారం చూడడం, దేవుణ్ణి తిట్టడం, లెంపలు వేసుకోవడం, మళ్లీ గడియారం చూడడం.

మా పక్కనే ఒక బేరగాడు ఎద్దును కొంటున్నాడు. దాని నోరు చూడకముందే వంగి కాలు పైకెత్తి, గిట్ట తిప్పి తిప్పి చూస్తున్నాడు. వేలితో నొక్కి, మట్టి గోకి మరీ చూశాడు. ఒకటయ్యాక ఇంకొకటి, నాలుగు కాళ్లూ. మగ్గమాయన భార్య అది చూస్తూ, ఎవరితో అంటున్నట్టూ కాకుండా అంది.

"ఎద్దు కాలు గిట్ల జూస్తుండ్రు. మా ఇంటాయన కాలు ఎవ్వరు ఎత్తి చూడలే."

నన్ను అనలేదు ఆమె. అయినా నేను తల దించుకున్నాను. నేను చూడాల్సింది కాలు కూడా కాదు, ఒక కాగితం. అదీ తిప్పలేదు.

ఆ బేరగాడే మా ఆటోలోకి తొంగిచూసి, సంగతి అర్థమై, తన మనుషులతో ఎడ్లను పక్కకు తోలించాడు. మూడున్నర దాటాక దవాఖానలో అడుగుపెట్టాం. పెద్ద డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు, ఆయన సంచీ కారెక్కింది. హెడ్ నర్సు ఆ కారు డ్రైవరుకు చాయ్ ఇచ్చి, ఇంకో చాయ్ ఇచ్చి, మామిడి తాండ్ర పెట్టి కూర్చోబెట్టి ఉంచింది. ఆ ఉపాయం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పెద్ద డాక్టరు మళ్లీ కుర్చీ లాక్కున్నాడు. ఒక చిన్న పిడికి బిగించిన దారం లాంటిది తీశాడు. నేతాయన కళ్లు అన్నీ మర్చిపోయి దాని మీద పడ్డాయి. చేతిలోకి తీసుకుని రెండు వేళ్ల మధ్య నలిపాడు. "ఇది నూలు గాదు, పట్టు గాదు. నైలాను సారు. చేపలు పట్టే గాలం దారం లెక్కున్నది" అన్నాడు. పెద్ద డాక్టరు నవ్వి, "ఉన్నమాటే. కళ్లు మూసుకో. కాలికి తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పు" అన్నాడు.

ఆయన కళ్లు మూసుకున్నాడు. డాక్టరు ఆ దారం కొసను బొటనవేలి కింద నొక్కాడు, దారం వంగింది. మడమ దగ్గర నొక్కాడు. చిటికెన వేలి పక్కన నొక్కాడు. పాదం నడుమ, వేళ్ల మొదళ్లలో, అన్ని చోట్లా. నేతాయన చేతివేళ్లు దారం ముట్టుకుని దాని కులగోత్రాలు చెప్పిన వేళ్లు. ఆ మనిషే కళ్లు మూసుకుని, బుద్ధిగా, ఇప్పుడు తగులుతుందేమోనని చూస్తున్నాడు.

కాసేపయ్యాక, "ఇంక మొదలువెట్టలేదా సారు?" అన్నాడు.

"అయిపోయింది" అన్నాడు పెద్ద డాక్టరు.

ఆయన కళ్లు తెరిచి భార్య ముఖం చూశాడు. ఆమె పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. మా డాక్టరు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, నేను తలుపు దగ్గర. ఆ క్షణంలో మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

పెద్ద డాక్టరు మడమ పక్కన వేళ్లు పెట్టి నాడి వెతికాడు, చిన్న మిషను పెట్టి విన్నాడు. "రక్తం సన్నగా పోతున్నది, పూర్తిగా ఆగలేదు. ఇంకో వారం ఇట్లాగే ఉంటే పాదం తీయాల్సి వచ్చేది. ఇప్పుడైతే నాళం తెరుస్తాం. వేలు ఒకటి దక్కకపోవచ్చు. కాలు ఉంటుంది" అన్నాడు.

కాలు ఉంటుంది. ఆ మాట విన్నాక నేను రికార్డు గదికి పోయి, ర్యాకుల వెనక నిలబడి, పిచ్చిదానిలా ఏడ్చాను. బాధతో కాదు. గుండెల మీద నుంచి తిరగలి రాయి దించినట్టు, ఆగకుండా వచ్చింది. బయట కారు బయలుదేరిన చప్పుడు వినపడింది. అందులో ఆయనా, ఆయన భార్యా ఉన్నారు. ఆమె బొడ్లో నాడె ఇంకా అలాగే ఉంది, ఇంట్లో పెట్టడం మర్చిపోయింది.

మర్నాడు మా డాక్టరే రికార్డు గదికి వచ్చాడు. ఆయన ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. "చీటీలు ఎందుకు మానేశావమ్మా?" అని అడిగాడు. ఆరోజు ఓపీలో జరిగింది చెప్పాను. ఆయనకు ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. "నేనట్లా అన్నానా? అని ఉంటాను లే" అన్నాడు. తర్వాత, "నేను పదిసార్లు కసిరినా పదకొండోసారి అడుగు. నీ పని అదే" అన్నాడు. కాస్త ఆగి, "కసరకుండా ఉండేందుకు చూస్తాను" అని కూడా అన్నాడు. ఆ రెండో మాట ఆయన ఎప్పుడూ నిలబెట్టుకోలేదు. నేను మాత్రం పన్నెండోసారి కూడా అడిగాను.

గోడ మీది ప్రశంసాపత్రం తీసేశాను. ఆ ఏడాది పాయింట్ తొమ్మిది వేసిన ఫైళ్లన్నీ మళ్లీ దించాం. రోజూ మధ్యాహ్నం ఒక గంట, నర్సు తన రాత చదవడం, డాక్టరు తేల్చి రాయడం, నేను దిద్దడం. చాలామంది నిజంగానే తొమ్మిది. కొందరు కాదు. వాళ్లందరినీ పిలిపించి, పెద్ద డాక్టరు మాకు వదిలిపోయిన ఆ నైలాను దారంతో కాళ్లు చూశాం, అందరూ సమయానికే వచ్చారు, ఎవరి కాలూ పోలేదు. అది నా గొప్ప కాదు, నా అదృష్టం. మగ్గమాయన ఫైలులో డాక్టరు నరాలు, రక్తనాళాలు రెండూ రాశాడు. నేను ఎర్ర ఇంకుతో తొమ్మిది కొట్టేసి ఏడు వేశాను.

మూడు నెలలకు ఆ మొగుడూ పెళ్లాం వచ్చారు. చిటికెన వేలు లేదు. మిగతా కాలు ఎంచక్కా ఉంది, వెచ్చగా కూడా ఉందని నర్సు పట్టుకుని చూసి చెప్పింది. మళ్లీ మగ్గం ఎక్కాడట. "మరి ఉత్త కాళ్లతోనేనా?" అని గదిమాను. మగ్గం దగ్గర చెప్పులేసుకోవడం వాళ్లకు తప్పు. అది దేవుడితో సమానం. ఆయన భార్య సంచీలోంచి ఒక జత తీసి నా బల్ల మీద పెట్టింది. మందపాటి నూలు గుడ్డ నాలుగు మడతలేసి, పాదం కొలతకు కుట్టిన బూట్లు.

"చెప్పు గాదక్కా, గుడ్డ. దేవుడు గూడ బట్టనే కట్టుకుంటడు గద. ఇంక పొద్దుమాపు కాలు ఎత్తి నేనే చూస్తున్న, పెబ్బేర్ల ఎద్దును చూసినట్టు" అంది.

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వి, నా బల్ల మీది మాత్రల డబ్బా వైపు చూశాడు. ఆయన వేసుకునేవే అవి, గుర్తుపట్టాడు.

"మేడం, నీకు గూడ షుగరే గద. మరి నీ కాలు ఎవరు చూసిండ్రు?"

ఎనిమిదేళ్లు. ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు, చూపించలేదు. అరికాళ్లు అప్పుడప్పుడు తిమ్మిరెక్కేవి, కూర్చుని చేసే పని కదా అని సరిపెట్టుకునేదాన్ని. హెడ్ నర్సు నా ముఖం చూసి మరో మాట లేకుండా చెయ్యి పట్టుకుని వార్డులోకి లాక్కుపోయింది. ఆ ఇద్దరూ వెనకే వచ్చారు. భాయి తలుపు దగ్గర నిలబడ్డాడు. మంచం మీద కూర్చోబెట్టి చెప్పులు విప్పించింది. "కండ్లు మూసుకో. తగిల్తె చెప్పు" అంది.

మూసుకున్నాను. అరికాళ్ల మీదే ధ్యాసంతా పెట్టి కూర్చున్నాను. ఏమీ తగలడం లేదు. ఇంకాసేపు చూశాను. ఏమీ లేదు. నేతాయన ముఖం, కళ్లు మూసుకుని ఎదురుచూసిన ఆ ముఖం కళ్లలో మెదిలింది. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఇంకా మొదలుపెట్టలేదా?"

"యాడ మొదలువెట్టాలె? డబ్బల ఆ దారం దొరుకుతలేదు, జర ఆగు తల్లీ!" అంది నర్సు, ఎక్కడో అల్మారా దగ్గర నుంచి.

భాయి పకపకా నవ్వాడు. నేను కళ్లు తెరవలేదు. ఆమె అడుగులు దగ్గరికి వచ్చాయి. బొటనవేలి కింద సన్నగా, చీమ కుట్టినట్టు ఏదో నొక్కింది.

"తగిలింది!" అని వార్డంతా వినపడేలా అరిచాను.